ఈకేఎస్ క్లస్టర్‌లో స్టోరేజ్ క్లాసులు: ఎన్ని పెట్టాలి, వాటిలో ఏం రాయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) హైదరాబాద్ రీజియన్‌లో కొత్తగా ఈకేఎస్ (అమెజాన్ నడిపే కుబెర్నెటిస్ సర్వీసు) క్లస్టర్ పెట్టారు, వెర్షన్ 1.30 దాటినదే. హెల్మ్ చార్ట్‌తో (అప్లికేషన్ ఎక్కించే రెడీమేడ్ ప్యాకేజీ) పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఎక్కించబోతే పీవీసీ (డిస్క్ కావాలని క్లస్టర్‌ను అడిగే అభ్యర్థన) పెండింగ్‌లోనే ఆగిపోయింది. పాత క్లస్టర్‌లో ఇదే చార్ట్ ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. ఎలాగూ ఆగింది కాబట్టి స్టోరేజ్ క్లాసులు (ఎలాంటి డిస్క్ ఇవ్వాలో చెప్పే సెట్టింగులు) మొదటి నుంచి మీరే రాసుకుందామనుకుంటున్నారు. ఎన్ని పెట్టాలి, ఏ సెట్టింగులతో పెట్టాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. రెండు క్లాసులు చాలు, రెండూ జీపీ3 (ఏడబ్ల్యూఎస్ డిస్క్‌లలో ఒక రకం) మీదే పెట్టండి. ఒకటి డిఫాల్ట్: పీవీసీ తీసేస్తే డిస్క్ కూడా పోతుంది. రెండోది డేటాబేస్‌లకు: పీవీసీ పోయినా డిస్క్ మిగులుతుంది, పేరు పెట్టి అడిగితేనే దొరుకుతుంది. రెండింటిలోనూ వాల్యూమ్ బైండింగ్ మోడ్ (డిస్క్ ఎప్పుడు తయారుకావాలో చెప్పే సెట్టింగ్) 'వెయిట్‌ఫర్‌ఫస్ట్‌కన్స్యూమర్', సైజు పెంచుకునే అనుమతి ఆన్, ఎన్‌క్రిప్షన్ ఆన్. మూడో క్లాసు కావాలని టీమ్‌లో ఎవరైనా అడిగితే ఎందుకో లెక్క చూపించమనండి.

ఇక మీ పీవీసీ ఎందుకు ఆగిందో చూద్దాం. రెండు కారణాల్లో ఒకటి అయ్యుంటుంది, చాలాసార్లు రెండూ ఉంటాయి.

మొదటిది, ఈకేఎస్ 1.30 నుంచి కొత్తగా పుట్టిన క్లస్టర్లలో జీపీ2 (జీపీ3కి ముందు తరం డిస్క్) క్లాసు ఉంటుంది కానీ దాని మీద 'డిఫాల్ట్' అనే గుర్తు ఉండదు. మీ చార్ట్‌లో క్లాసు పేరు ఖాళీగా వదిలేసి ఉంటారు. డిఫాల్ట్ లేదు, పేరూ ఇవ్వలేదు కాబట్టి ఆ పీవీసీకి డిస్క్ ఎవరూ తయారుచేయరు. పాత క్లస్టర్‌ను మీరు అప్‌గ్రేడ్ చేస్తూ వచ్చి ఉంటే దాని మీద పాత గుర్తు అలాగే ఉంటుంది, అందుకే అక్కడ నడిచింది.

రెండోది, ఈబీఎస్ సీఎస్ఐ డ్రైవర్, అంటే ఈబీఎస్ (ఏడబ్ల్యూఎస్ డిస్క్ సర్వీసు) నుంచి క్లస్టర్‌కి డిస్క్‌లు తయారుచేసి ఇచ్చే ప్రోగ్రామ్. ఒకప్పుడు ఈబీఎస్ డిస్క్ తయారుచేసే కోడ్ కుబెర్నెటిస్ లోపలే ఉండేది. 1.27లో దాన్ని తీసేశారు. ఇప్పుడు డ్రైవర్‌ను విడిగా యాడ్-ఆన్‌గా పెట్టుకోవాలి, దానికి ఒక ఐఏఎం రోల్ (ఏడబ్ల్యూఎస్‌లో పని చేసే అనుమతి) ఇవ్వాలి. ఈకేఎస్ ఆటో మోడ్ వాడుతుంటే మాత్రం డ్రైవర్ దానితోనే వస్తుంది. అయితే అక్కడ ప్రొవిజనర్ పేరు (క్లాసులో రాసే డ్రైవర్ పేరు) వేరు. మామూలు యాడ్-ఆన్ పేరు రాసిన క్లాసు ఆటో మోడ్ డ్రైవర్‌తో పనిచేయదు, ఇది గుర్తుంచుకోండి.

ఏ కారణమో తేల్చుకోవడానికి పీవీసీని 'డిస్క్రైబ్' చేసి కింద ఈవెంట్లు చదవండి. స్టోరేజ్ క్లాసు ఏదీ సెట్ కాలేదు అని ఉంటే మొదటి కారణం. బయటి ప్రొవిజనర్ కోసం ఎదురుచూస్తున్నాను అని పదేపదే వస్తుంటే డ్రైవర్ లేదు, లేదా ఉండి కూడా పని చేయలేకపోతోంది. అప్పుడు క్యూబ్-సిస్టమ్‌లో ఉన్న ఈబీఎస్ సీఎస్ఐ కంట్రోలర్ పాడ్ (కుబెర్నెటిస్‌లో ప్రోగ్రామ్ నడిచే యూనిట్) లాగ్ తెరవండి. 'అన్‌ఆథరైజ్డ్ ఆపరేషన్' కనిపిస్తే ఐఏఎం రోల్ సంగతి. ఇక మొదటి కన్స్యూమర్ కోసం ఎదురుచూస్తున్నాను అని ఉంటే టెన్షన్ పడకండి, అది మామూలే. ఆ పీవీసీని వాడే పాడ్ ఇంకా రాలేదని అర్థం. పీవీసీ ఒక్కటే పెట్టి 'పెండింగ్ పోవట్లేదు' అని గంటల తరబడి తల పట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

ఇక అసలు విషయం. క్లాసులను డేటా విలువను బట్టి విడదీయండి. చాలా చోట్ల క్లాసుల పేర్లు ఫాస్ట్, స్లో, స్టాండర్డ్, ప్రీమియం అని ఉంటాయి. డెవలపర్‌కి ఆ పేర్లతో ఏమీ తెలియదు, ఎందుకైనా మంచిదని ఫాస్ట్ ఎంచుకుంటాడు. అతను నిజంగా చెప్పగలిగింది ఒక్కటే: ఈ డేటా పోతే మళ్లీ తయారుచేసుకోగలమా, లేమా. క్యాషే, బిల్డ్ ఫోల్డర్, టెస్ట్ డేటా పోతే పోనీ. పోస్ట్‌గ్రెస్ పోతే కంపెనీకి దెబ్బ. ఈ తేడాను మోసేది రీక్లెయిమ్ పాలసీ, అంటే పీవీసీ పోయాక డిస్క్‌ను ఏం చేయాలో చెప్పే సెట్టింగ్. క్లాసులో ఏమీ రాయకపోతే అది 'డిలీట్' అవుతుంది.

ఒక చోట జరిగింది చెప్తాను. డెమో కోసమని ఒక నేమ్‌స్పేస్‌లో (క్లస్టర్ లోపల ఒక విడి విభాగం) మాంగోడీబీ డేటాబేస్ పెట్టారు. కొన్ని నెలలకు సేల్స్ వాళ్లు అందులో అసలు కస్టమర్ల వివరాలు ఎక్కించి రోజూ వాడటం మొదలుపెట్టారు. ప్లాట్‌ఫామ్ టీమ్‌కి ఆ సంగతి తెలియదు. పాత నేమ్‌స్పేస్‌లు ఊడుస్తూ దాన్ని కూడా తీసేశారు. నేమ్‌స్పేస్ పోతే అందులోని పీవీసీలు పోతాయి, పీవీసీ పోతే పీవీ (క్లస్టర్‌లో ఆ డిస్క్‌కి ఉండే రికార్డు), పీవీ పోతే ఏడబ్ల్యూఎస్‌లో డిస్క్. టీ తాగి వచ్చేసరికి ఏమీ లేదు. స్నాప్‌షాట్ కూడా లేదు. అంతకుముందు హెల్మ్ అన్‌ఇన్‌స్టాల్ చేసినప్పుడల్లా డేటా అలాగే ఉండేది కాబట్టి వాళ్లకు ధైర్యం వచ్చింది. స్టేట్‌ఫుల్‌సెట్ (డేటా దాచుకునే పాడ్లను నడిపే ఆబ్జెక్ట్) టెంప్లేట్ నుంచి పుట్టిన పీవీసీలను హెల్మ్ ముట్టుకోదు, అది నిజమే. నేమ్‌స్పేస్ డిలీట్‌కి ఆ దయ లేదు.

అందుకే డేటాబేస్ క్లాసులో 'రిటైన్' రాయమంటున్నాను. దానితో ఏం జరుగుతుందో ముందే తెలుసుకోండి. పీవీసీ పోయాక పీవీ 'రిలీజ్డ్' స్థితిలోకి వెళ్తుంది. అదే పేరుతో కొత్త పీవీసీ పెట్టినా తనంతట తానుగా అతుక్కోదు, దానికి కొత్త ఖాళీ డిస్క్ వస్తుంది. డేటాబేస్ ఖాళీగా లేవడం చూసి చాలామంది డేటా పోయిందనుకుంటారు. పోలేదు. పాత పీవీని ఎడిట్ చేసి అందులోని 'క్లెయిమ్ రెఫ్' భాగం తీసేస్తే అది మళ్లీ 'అవైలబుల్' అవుతుంది. కొత్త పీవీసీలో క్లాసు పేరు అదే ఉంచి, 'వాల్యూమ్ నేమ్' దగ్గర ఆ పీవీ పేరు రాస్తే పాత డేటాతో సహా వస్తుంది. పీవీ ఆబ్జెక్ట్ కూడా పోయినా డిస్క్ ఏడబ్ల్యూఎస్‌లో ఉంటుంది. వాల్యూమ్ ఐడీ, జోన్ రాసి పీవీని చేత్తో తయారుచేసుకోవచ్చు.

దీని ఇంకో వైపు బిల్లు. రిటైన్ డిస్క్‌లు ఎవరికీ అక్కర్లేకపోయినా డబ్బు లాగుతూనే ఉంటాయి. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్లు రోజూ పుట్టి పోయే క్లస్టర్‌లో రిటైన్‌ను డిఫాల్ట్ చేస్తే, కొన్నాళ్లకు ఏ డిస్క్ ఎవరిదో తెలియక ఏదీ తీయలేని స్థితి వస్తుంది. అందుకే డిఫాల్ట్ ఎప్పుడూ డిలీటే ఉండాలి. టెస్ట్ నేమ్‌స్పేస్‌లలో రిసోర్స్ కోటా పెట్టి, డేటాబేస్ క్లాసు పేరు మీద పీవీసీల సంఖ్య సున్నా అని రాసేయండి. అక్కడ ఎవరూ దాన్ని వాడలేరు. ఇంకా, క్లాసు పారామీటర్లలోనే ట్యాగులు ఇవ్వచ్చు. టీమ్ పేరు, ఎన్విరాన్‌మెంట్ పేరు పెట్టండి. నెలకోసారి ఈసీ2 (ఏడబ్ల్యూఎస్ మెషీన్ల సర్వీసు) కన్సోల్‌లో 'అవైలబుల్' స్థితిలో ఉన్న వాల్యూమ్‌లను, అంటే ఏ మెషీన్‌కీ తగిలించి లేనివాటిని చూసి, స్నాప్‌షాట్ తీసుకుని తీసేయండి.

జీపీ2 వదిలేయండి. అలవాటు కొద్దీ ఇంకా వాడేవాళ్లు ఉన్నారు. జీపీ2లో వేగం సైజును బట్టి వస్తుంది: జీబీకి 3 ఐఓపీఎస్ (సెకనుకు చేయగల చదివే, రాసే పనుల సంఖ్య), కనీసం 100. అంటే 100 జీబీ డిస్క్‌కి నికరంగా 300. దాని మీద 3000 వరకు బర్స్ట్ (కాసేపు దొరికే అదనపు వేగం) ఉంటుంది, దానికి ఖాతాలో 54 లక్షల క్రెడిట్లు ఉంటాయి. పూర్తి వేగంతో వాడితే సెకనుకు 2700 చొప్పున కరిగిపోతాయి. లెక్కేయండి, 2000 సెకన్లు, అరగంట దాటి కాస్త. నేను చూసిన ఒక టీమ్‌లో రాత్రి బ్యాచ్ జాబ్ సరిగ్గా ఇలాగే నడిచేది. మొదటి అరగంట పరుగు, ఆ తర్వాత నత్తనడక. వాళ్లు క్వెరీలు తిరగరాశారు, ఇండెక్సులు మార్చారు, పాడ్‌కి మెమరీ పెంచారు. క్లౌడ్‌వాచ్‌లో ఆ వాల్యూమ్ 'బర్స్ట్ బ్యాలెన్స్' గ్రాఫ్ తెరిచి చూస్తే సున్నాకి తగిలి నేల మీద గీతలా ఉంది.

జీపీ3లో ఈ గొడవ లేదు. సైజు ఎంతైనా 3000 ఐఓపీఎస్, సెకనుకు 125 ఎంబీ మొదటి నుంచే ఉంటాయి. జీబీ ధర కూడా జీపీ2 కంటే తక్కువ. ఇంకా వేగం కావాలంటే డిస్క్ పెంచకుండా ఐఓపీఎస్, త్రూపుట్ (సెకనుకు ఎన్ని ఎంబీలు) విడిగా కొనుక్కోవచ్చు.

కానీ పెద్ద జీపీ2 డిస్క్‌లను మార్చేటప్పుడు ఒక మెలిక ఉంది. జీపీ2లో 334 జీబీ దాటిన డిస్క్‌కి త్రూపుట్ 250 ఎంబీ దాకా వస్తుంది. ఉన్న డిస్క్ రకాన్నే జీపీ3కి మారిస్తే ఏడబ్ల్యూఎస్ పాత వేగం తగ్గకుండా చూస్తుంది, కానీ డేటాను కొత్తగా తయారుచేసిన జీపీ3 డిస్క్‌కి తరలించి త్రూపుట్ ఏమీ రాయకపోతే 125కి పడిపోతుంది. 2000 జీబీ జీపీ2కి 6000 ఐఓపీఎస్ ఉంటే, కొత్త జీపీ3 డిస్క్‌లో ఏమీ రాయకపోతే 3000. 'జీపీ3 మంచిదన్నారు, మార్చాక స్లో అయింది' అనే ఫిర్యాదుల్లో చాలావాటి మూలం ఇదే. పెద్ద డిస్క్‌లకు పాత అంకెలు చూసి, అవే జీపీ3లో రాయండి. మెషీన్ సంగతీ మరవకండి. ప్రతి ఈసీ2 సైజుకీ ఈబీఎస్ బ్యాండ్‌విడ్త్ పరిమితి విడిగా ఉంటుంది. చిన్న నోడ్‌కి (క్లస్టర్‌లోని మెషీన్) ఎంత ఖరీదైన డిస్క్ తగిలించినా ఆ పరిమితి దాటదు.

ఐఓ2 (ఇంకా ఖరీదైన డిస్క్ రకం) గురించి అడుగుతారని తెలుసు. మీ పోస్ట్‌గ్రెస్ నెమ్మదిగా ఉందని కొలిచి చూశాక, జీపీ3లో ఐఓపీఎస్ పెంచి చూశాక, అప్పటికీ లేటెన్సీ చాలకపోతే అప్పుడు మాట్లాడుకుందాం. మొదటి రోజే అక్కర్లేదు.

జోన్ల సంగతి. ఈబీఎస్ డిస్క్ ఒక అవైలబిలిటీ జోన్‌కి (రీజియన్ లోపల విడిగా ఉండే డేటాసెంటర్ సముదాయం) కట్టుబడి ఉంటుంది. హైదరాబాద్ రీజియన్‌లో మూడు జోన్లున్నాయి. ఒక జోన్‌లో పుట్టిన డిస్క్‌ను పక్క జోన్ నోడ్‌కి తగిలించలేరు. బైండింగ్ మోడ్ రాయకపోతే 'ఇమ్మీడియట్' అవుతుంది, అంటే పాడ్ ఎక్కడికి వెళ్తుందో తెలియకముందే డిస్క్ ఏదో ఒక జోన్‌లో పుడుతుంది. ఆ జోన్‌లో నోడ్ లేకపోయినా, ఉన్న నోడ్‌లో జాగా లేకపోయినా పాడ్ 'వాల్యూమ్ నోడ్ అఫినిటీ కాన్‌ఫ్లిక్ట్' అని చెప్పి కూర్చుంటుంది. వెయిట్‌ఫర్‌ఫస్ట్‌కన్స్యూమర్ పెడితే షెడ్యూలర్ ముందు నోడ్ ఎంచుకుంటుంది, ఆ తర్వాత అదే జోన్‌లో డిస్క్ పుడుతుంది. ఈ మోడ్‌లో పాడ్ స్పెక్‌లో నోడ్ పేరు నేరుగా రాయకండి. అలా రాస్తే షెడ్యూలర్‌ను దాటేసినట్టే, పీవీసీ ఎప్పటికీ పెండింగ్. నోడ్ సెలెక్టర్ వాడండి.

ఇది డిస్క్ పుట్టేటప్పటి సంగతి మాత్రమే. తర్వాత ఆ పాడ్ జీవితాంతం ఆ జోన్‌లోనే తిరగాలి. క్లస్టర్ ఆటోస్కేలర్ (అవసరాన్ని బట్టి నోడ్లు పెంచే ప్రోగ్రామ్) వాడుతుంటే డేటాబేస్‌ల కోసం జోన్‌కి ఒక నోడ్ గ్రూప్ చొప్పున విడిగా పెట్టండి. మూడు జోన్లూ కలిపి ఒకే గ్రూప్ పెడితే ఆటోస్కేలర్ కొత్త నోడ్‌ని వేరే జోన్‌లో లేపి చేతులు దులుపుకుంటుంది. కార్పెంటర్ (అదే పని చేసే మరో ప్రోగ్రామ్) వాడేవాళ్లకు ఈ బాధ తక్కువ, అది డిస్క్ జోన్ చూసి నోడ్ తెస్తుంది. ఒక జోన్ మొత్తం పడిపోతే? స్టోరేజ్ క్లాసు ఏమీ చేయలేదు. దానికి పోస్ట్‌గ్రెస్ రెప్లికాను వేరే జోన్‌లో పెట్టుకోవాల్సిందే.

రాసేటప్పుడు తగిలే చిన్నచిన్నవి కొన్ని. పారామీటర్ల కింద ఉన్న విలువలన్నీ స్ట్రింగులే కావాలి. ఎన్‌క్రిప్టెడ్ దగ్గర ట్రూ అయినా, ఐఓపీఎస్ దగ్గర 3000 అయినా కోట్స్‌లో పెట్టండి, లేకపోతే క్లాసు ఫైలే ఎక్కదు. క్లాసు తయారయ్యాక పారామీటర్లు, ప్రొవిజనర్, రీక్లెయిమ్ పాలసీ, బైండింగ్ మోడ్ మార్చలేరు. తీసేసి మళ్లీ పెట్టాలి. భయపడకండి, క్లాసు తీసేసినా అప్పటికే ఉన్న డిస్క్‌లకు ఏమీ కాదు. అదే కారణంగా, క్లాసులో రిటైన్ అని కొత్తగా రాసినంత మాత్రాన పాత డిస్క్‌లకు రక్షణ రాదు. వాటికి ప్రతి పీవీని విడిగా ప్యాచ్ చేసి రిటైన్ పెట్టాలి. మీ పాత క్లస్టర్‌లో ఈ పని ఈరోజే చేయండి, డౌన్‌టైమ్ అక్కర్లేదు.

క్లాసు పేరులో డిస్క్ రకం పెట్టకపోవడం మేలు. నాకు తెలిసిన ఒక క్లస్టర్‌లో చార్ట్‌లన్నీ మార్చలేక 'జీపీ2' అనే పేరుతోనే లోపల జీపీ3 ఇచ్చే క్లాసు పెట్టారు. కొత్తగా వచ్చిన ప్రతి ఇంజనీరూ దాన్ని చూసి కంగారుపడేవాడు. 'జనరల్', 'డేటాబేస్' లాంటి పేర్లు పెడితే రేపు డిస్క్ రకం మారినా పేరు నిలుస్తుంది. డిఫాల్ట్ గుర్తు ఒక్క క్లాసు మీదే ఉందో లేదో కూడా చూసుకోండి. రెండింటి మీద ఉంటే ఈ మధ్య వెర్షన్లలో చివరగా తయారైన క్లాసు గెలుస్తుంది. దాని మీద ఆధారపడి క్లస్టర్ నడపకూడదు.

ఎన్‌క్రిప్షన్‌కి ఏడబ్ల్యూఎస్ ఇచ్చే కీ చాలనుకుంటే ఏ తంటా లేదు. మీ సొంత కేఎంఎస్ (ఏడబ్ల్యూఎస్ ఎన్‌క్రిప్షన్ కీల సర్వీసు) కీ ఇవ్వాలంటే డ్రైవర్ రోల్‌కి ఆ కీ మీద అనుమతులు ఉండాలి, ముఖ్యంగా గ్రాంట్ తయారుచేసే అనుమతి. అది లేనప్పుడు వచ్చే లక్షణం వింతగా ఉంటుంది. డిస్క్ తయారైనట్టే వాల్యూమ్ ఐడీ వస్తుంది, కాసేపటికి ఆ డిస్క్ మాయమవుతుంది, డ్రైవర్ లాగ్‌లో డిస్క్ రెడీ కాలేదని టైమౌట్ పడుతుంది. ఎన్‌క్రిప్షన్ అనే మాట ఎక్కడా కనిపించదు కాబట్టి జనం వేరే దారుల్లో వెతుకుతారు. ముందు కీ పాలసీ చూడండి.

సైజు పెంచుకోవడం గురించి. ఈకేఎస్‌తో వచ్చే పాత జీపీ2 క్లాసులో ఈ అనుమతి ఆఫ్‌లో ఉంటుంది. అదృష్టవశాత్తూ తర్వాత కూడా మార్చగలిగే ఫీల్డ్ ఇది, పాత క్లాసులోనూ ఆన్ చేసుకోవచ్చు. ఆన్ చేశాక పీవీసీలో సైజు అంకె పెంచితే పాడ్ ఆపకుండానే ఫైల్‌సిస్టమ్‌తో సహా పెరుగుతుంది. తగ్గించడం మాత్రం కుదరదు. అందుకే 'ఉంటే మంచిది' అని 500 జీబీతో మొదలుపెట్టకండి, 50తో మొదలుపెట్టి పెంచుకోండి. ఒకే డిస్క్‌ని వెంటవెంటనే ఎన్నిసార్లయినా మార్చడానికి ఏడబ్ల్యూఎస్ ఒప్పుకోదు కాబట్టి పెంచేటప్పుడు చిటికెడు చిటికెడుగా కాకుండా కొన్ని నెలలకు సరిపడా పెంచండి.

స్టేట్‌ఫుల్‌సెట్‌లో ఇంకో ముడి ఉంది. దాని క్లెయిమ్ టెంప్లేట్‌లోని సైజును మార్చనివ్వదు. ముందు పీవీసీలను ఒక్కొక్కటిగా పెంచి, తర్వాత స్టేట్‌ఫుల్‌సెట్‌ను 'ఆర్ఫన్' ఆప్షన్‌తో డిలీట్ చేయాలి. పాడ్లు నడుస్తూనే ఉంటాయి. ఆ తర్వాత కొత్త సైజుతో చార్ట్ మళ్లీ ఎక్కించాలి. ఆర్ఫన్ అని రాయడం మరిచిపోతే పాడ్లు కూడా పోతాయి, కాబట్టి కమాండ్ కొట్టేముందు పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోండి.

ఈ డిస్క్‌లు ఒకసారికి ఒక నోడ్‌కే తగులుతాయి. మామూలు డిప్లాయ్‌మెంట్‌కి ఇలాంటి పీవీసీ ఇచ్చి రోలింగ్ అప్‌డేట్ చేస్తే, కొత్త పాడ్ వేరే నోడ్‌లో పడి 'మల్టీ అటాచ్' ఎర్రర్‌తో ఆగుతుంది, పాత పాడ్ కొత్తది లేస్తే గానీ పోదు. స్ట్రాటజీని 'రీక్రియేట్' చేయండి. చాలా పాడ్లు ఒకే ఫోల్డర్ పంచుకోవాలంటే అది ఈఎఫ్ఎస్ (ఏడబ్ల్యూఎస్‌లో పంచుకునే ఫైల్ స్టోరేజ్) పని, దానికి వేరే డ్రైవర్, వేరే క్లాసు. లెక్క అడగకుండా నేను ఒప్పుకునే మూడో క్లాసు అదొక్కటే. దాని మీద పోస్ట్‌గ్రెస్ మాత్రం పెట్టకండి.

రేపు గూగుల్ క్లౌడ్‌కో అజూర్‌కో వెళ్లినా ఆలోచన ఇదే, పేర్లే మారతాయి. జీకేఈలో (గూగుల్ కుబెర్నెటిస్ సర్వీసు) 'స్టాండర్డ్' అనే పాత క్లాసు ఇమ్మీడియట్ మోడ్‌లో ఉంటుంది, 'స్టాండర్డ్-ఆర్‌డబ్ల్యూఓ' వెయిట్ చేస్తుంది. రెండోదే వాడండి. రెండు చోట్లా సిద్ధంగా వచ్చే క్లాసులు డిలీట్ పాలసీతోనే ఉంటాయి, కాబట్టి డేటాబేస్ క్లాసు అక్కడ కూడా మీరే రాసుకోవాలి.

పోస్ట్‌గ్రెస్ ఎక్కించేముందు ఒక రిహార్సల్ చేయండి. డేటాబేస్ క్లాసుతో 5 జీబీ పీవీసీ, దాన్ని వాడే చిన్న బిజీబాక్స్ పాడ్ పెట్టండి. అందులో ఒక ఫైల్ రాయండి. సైజు 8కి పెంచి, పాడ్ లోపల 'డీఎఫ్' (డిస్క్ జాగా చూపే కమాండ్) కొట్టి పెరిగిందో లేదో చూడండి. తర్వాత పాడ్, పీవీసీ రెండూ తీసేయండి. పీవీ రిలీజ్డ్‌లోకి వెళ్లిందా, కన్సోల్‌లో డిస్క్ ఉందా చూసి, పైన చెప్పినట్టు క్లెయిమ్ రెఫ్ తీసి కొత్త పీవీసీకి కట్టండి. ఆ ఫైల్ మళ్లీ తెరుచుకుంటే మీ క్లాసు సిద్ధం. ఎక్కడైనా ఆగితే పీవీసీ ఈవెంట్లు, కంట్రోలర్ లాగ్‌లో చివరి ఇరవై వరుసలు పెట్టండి, చూసి చెప్తాను.